పటంలో లేని ఆరు గుడిసెలు

కిందటి వారం మనం కైనాత్‌ను శభాష్‌ల మధ్య వదిలి వచ్చాం. కరీంనగర్‌లో పెళ్లిళ్లకు డ్రోన్ ఎగరేసుకునే పిల్ల, వాహెద్ ఫొటో స్టూడియోకు ఏకైక వారసురాలు, వరదసాయం చేసే ఓ చిన్న సంస్థలో చేరి ఉట్నూర్ అడవుల్లోకి వచ్చింది. ఎండాకాలంలో జారుగూడ మీద డ్రోన్ తిప్పి ఏ ఇల్లు ఎక్కడుందో పటం తయారు చేసింది. వాన పట్టిన మూడో రోజు ఎర్రవాగు పొంగి గూడెంలోకి వస్తే, మానేరు జాలరి మొండయ్య ఆ పటం పట్టుకునే తన పడవలో ముప్పై నాలుగు ఇళ్ల వాళ్లనూ ఇవతలి ఒడ్డుకు చేర్చాడు. ముప్పై నాలుగు ఇళ్లకూ టిక్కు పడింది. సరిగ్గా అప్పుడే గూడెం ఆశా కార్యకర్త లీలాబాయి కైనాత్ చెయ్యి పట్టుకుని, "నీ పటం అబద్ధం బిడ్డా" అంది.

ఆ మాటకు కైనాత్‌కు కోపం రాలేదు. నవ్వొచ్చింది. మూడు రోజులుగా కంటి మీద కునుకు లేని మనిషికి ఏది ఎప్పుడు వస్తుందో ఎవరు చెప్పగలరు? మధ్యాహ్నం మూడు కావస్తోంది. శిబిరం పెట్టిన బడి వరండా నిండా తడిసిన మూటలు, మేకలు, పిల్లలు. గూడెం జనం అన్నం కోసం వరసలో నిలబడ్డారు. ఇంటింటికీ నన్ను తిప్పింది నువ్వే కదా లీలక్కా, ఇప్పుడు అబద్ధం అంటావేమిటని అడిగింది.

లీలాబాయి ఆమెను వరండా చివరికి, నీళ్ల ట్యాంకు పక్కకు తీసుకుపోయింది. యాభై దాటిన మనిషి. మొన్నటి నుంచి అందరికీ అన్నం పెట్టిస్తోంది, మందులిస్తోంది, తను మాత్రం మెతుకు ముట్టలేదు. ఏ పని చేస్తున్నా చూపు వాగు అవతలి గుట్ట మీదికే పోతోంది. ఇల్లు మునిగిన దుఃఖం అనుకున్నారంతా.

"గుట్ట మీద ఆరు గుడిసెలున్నయి" అంది లీలాబాయి. "పందొమ్మిది మంది ఉన్నరు."

కైనాత్ చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని ట్యాంకు గోడ మీద పెట్టబోయి నేల మీద పెట్టింది. గుట్ట మీద ఏమీ లేదని ఆ పటంలో రాసింది తనే. ఒకసారి కాదు, రెండుసార్లు ఎగరేసి మరీ రాసింది.

ఇంతకీ జరిగింది ఇది. జారుగూడ వెనక గుట్ట మీద పోడు చేలున్నాయి. ఎండాకాలం దుక్కుల నుంచి పంట ఇంటికొచ్చేదాకా కొన్ని కుటుంబాలు అక్కడే గుడిసెలు వేసుకుని అడవిపందుల నుంచి చేనును కాచుకుంటాయి. తాతల నాటి నుంచి దున్నుతున్నారు, పట్టా మాత్రం లేదు. ఆ గుడిసెలు ఎవరి కంటా పడకుండా ఉంటేనే చేను ఉంటుందని వాళ్ల నమ్మకం. ఎక్కడో పక్క మండలంలో డ్రోన్ తీసిన ఫొటో చూపించి అటవీశాఖ వాళ్లు ఒకాయన చేనును లాక్కుని మొక్కలు నాటించారని ఓ పుకారు రెండేళ్ల కిందట గూడెం చేరింది. నిజమో కాదో పోయి చూసినవాళ్లు లేరు. భయానికి సాక్షులు అక్కర్లేదు కదా.

ఇక కైనాత్ సంస్థకు ఒక పద్ధతి ఉంది. డ్రోన్ ఎగరేసే ముందురోజు గూడెంలో డప్పు కొట్టించి చాటింపు వేస్తారు. రేపు పొద్దున ఆకాశంలో ఒక యంత్రం తిరుగుతుంది, అది మీ మేలుకే, ఎవరూ బెదరొద్దు అని. మంచి పద్ధతి, ఎవరు కాదంటారు? ఆ చాటింపు వినగానే గుట్ట మీది వాళ్లు నీలం టార్పాలిన్లు విప్పి చుట్టేశారు. కప్పుల మీద మోదుగ కొమ్మలు పరిచారు. పొయ్యిలు ఆర్పి, మేకలను తోలుకుని, పిల్లాజెల్లాతో పక్కనున్న లొద్దిలోకి దిగి, దాని గోడల నీడలో యంత్రం పోయేదాకా కిక్కురుమనకుండా కూర్చున్నారు. గుట్టకూ గుట్టకూ మధ్య లోతుగా కోసుకుపోయిన ఆ ఇరుకు లోయ పై నుంచి చూస్తే ఉత్త చీకటి గీతలా కనిపిస్తుంది. ఎవరూ బెదరకూడదని కొట్టించిన డప్పు దాక్కోవడానికి సరిపడా వ్యవధి ఇచ్చింది.

"ఎవరు చెప్పిన్రు గట్ల చెయ్యమని?" అని అడిగింది కైనాత్.

"నేనే."

అప్పుడొచ్చింది కోపం. కైనాత్ కోపం వస్తే అరిచే రకం కాదు, గొంతు తగ్గించే రకం. నిన్ను నమ్మి తిరిగాను, నీ ఇంట్లో జొన్నరొట్టె తిన్నాను, ఇంటింటికీ మనుషుల లెక్క చెప్పి సంతకం కూడా పెట్టావు, నన్ను అందరి ముందూ పిచ్చిదాన్ని చేశావు అని లోగొంతుతో కడిగిపారేసింది. లీలాబాయి తల దించుకోలేదు. కొంగుతో ముఖం మీది చినుకులు తుడుచుకుంటూ విన్నది.

కడుగుతూ కడుగుతూనే కైనాత్‌కు ఒక ఫొటో గుర్తుకొచ్చింది. ఎండాకాలం తీసినవాటిలో గుట్ట మీది ఫొటో. రెండు చెట్ల మధ్య ఒక తాడు, దాని మీద ఎర్రటి గుడ్డ. పెద్దది చేసి చూసింది కూడా. ఎవరో పశువుల కాపరి ఆరేసుకుని ఉంటాడని తనకు తనే సర్దిచెప్పుకుంది. మర్నాడే పటం పంపాలి. గుట్ట ఎక్కి చూసి రావాలంటే ఇంకో రోజు పోతుంది. గుట్ట మీద ఇళ్లు లేవని రాసి పంపేసింది. లీలాబాయి దాచింది నిజమే, తను చూసీ చూడనట్టు పోయిందీ నిజమే. ఆ సంగతి తట్టేసరికి తిట్టే నోరు తనంతట తనే ఆగిపోయింది.

"మొన్ననే ఎందుకు చెప్పలే లీలక్కా?"

"ఒక్క దినంల తగ్గుతదనుకున్న. ఏటా గంతే. గూడెంలకు నీళ్లు రావుడు నేను పుట్టినకాడ్నుంచి సూడలే." లీలాబాయి మళ్లీ గుట్ట వైపు చూసింది. "తిండికి మొన్నటి దాకనే ఉండె. సుంగు ఉన్నది బిడ్డా ఆడ. నా బిడ్డ. పదకొండు దినాల బాలింత."

అల్లుడు సంతకని ఉట్నూర్ వచ్చి వాగు ఇవతలే చిక్కుకుపోయాడు. లీలాబాయి పసిబిడ్డ టీకా సంగతి కనుక్కుందామని గుట్ట దిగి గూడెంలోకి వచ్చింది, వెనక్కి పోయే దారి మునిగింది. పడవ ఎక్కమంటే ఎక్కింది. బాలింత కూతురిని గుట్ట మీద వదిలి వచ్చిన తల్లి రెండు రోజులుగా అందరికీ మందులు పంచుతోందన్నమాట.

ఫోన్ మోగింది. కరీంనగర్ నుంచి నానమ్మ జమాలున్నీసా. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. తిన్నావా, తడిసిన బట్టలు మార్చుకున్నావా అనే రెండు ప్రశ్నలకు ఆమె ప్రపంచంలో ఏ వరదా అడ్డం కాదు. కైనాత్ ఎత్తలేదు.

శిబిరం చూసుకునే ఆకాశ్ దగ్గరకు ఇద్దరూ పోయారు. హుస్నాబాద్ మనిషి, ముప్పై ఏళ్లు, మంచివాడే. కానీ మూడు రోజులుగా రెండు ఫోన్లు రెండు చెవులకు అతుక్కుని ఉండడంతో మంచితనం కాస్త పలచబడింది. విషయం విని కుర్చీలో వెనక్కి వాలాడు. గుట్ట మునగదు కదా అన్నాడు ముందు. గుట్ట మునగదు సారు, గుట్టకు ఎగువన పాత కుంట ఉంది, దాని గట్టు మట్టిది, అది తెగితే నీళ్లు లొద్ది గుండానే దిగుతాయి అని లీలాబాయి చెప్పింది. ఆకాశ్ ముఖంలో రంగు మారింది. పడవ ఒక్కటే ఉంది. నాలుగింటికి దాన్ని దిగువనున్న ఇంకో ఊరికి పంపాలి, అక్కడ అరవై మంది మిద్దెల మీద ఎదురుచూస్తున్నారు. ఈ పడవను ఆపాలంటే జిల్లా కంట్రోల్ రూం ఒప్పుకోవాలి. కంట్రోల్ రూం ఒప్పుకోవాలంటే డ్రోన్ వీడియో అక్కడి పెద్ద తెర మీద కనపడాలి.

"గా తెర ముందట ఎవలెవలు కూసుంటరు?" అని అడిగింది లీలాబాయి.

అన్ని శాఖల వాళ్లూ అన్నాడు ఆకాశ్. ఆ 'అన్ని'లో ఎవరున్నారో ముగ్గురికీ తెలుసు. లీలాబాయి అడ్డంగా తల ఊపింది. వీడియో పోవడానికి వీల్లేదంది.

"అమ్మా, మీ బిడ్డ పానం ముఖ్యమా, పోడు ముఖ్యమా?" ఆకాశ్ విసుగ్గానే అడిగాడు.

"గీ వానకు పోతే పానం ఒక్కపారే పోతది సారు. భూమి పోతే ఏటేటా పోతం." లీలాబాయి ఆకాశ్ కళ్లలోకే చూసింది. "ఆరు కొంపలోళ్లు నన్ను నమ్మి దాసుకున్నరు. నా బిడ్డ కోసం అందరి భూమి అమ్ముమంటవా?"

కైనాత్ కాలు కాలిన పిల్లిలా ఆ గదిలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగింది. వీడియో పంపితే పడవ ఆగుతుంది, ఆరు కుటుంబాల గుట్టు రట్టవుతుంది. పంపకపోతే గుట్టు నిలుస్తుంది, పడవ పోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కిటికీలోంచి చూస్తే వాన కాస్త తెరిపిచ్చింది. మబ్బు మాత్రం గుట్ట మీదే కూర్చుని ఉంది. ఈ తెరిపి అరగంట ఉంటుందో, పావుగంటే ఉంటుందో.

చివరికి ఆమె ఎవరినీ అడగకుండా మొండయ్యకు ఫోన్ చేసింది. మామా, నాలుగింటి దాకా ఆగకుండా ఇప్పుడే పడవ వదలమంటే ఏం చేస్తావని అడిగింది. ఎక్కడికని అడిగాడాయన. చెప్పింది. కాగితం ఏమీ రాదని కూడా చెప్పింది. మానేరు డ్యాంలో నలభై ఏళ్లు వలలు వేసిన మనిషి, తొందరపడి మాట ఇవ్వడు.

"నాకు కాయిదం అక్కర్లే బిడ్డా" అన్నాడు. "నువ్వు నీ కండ్లతోని సూసి చెప్పు, మనుషులున్నరని. ఉత్తగ పోతే అవతల అరవై మంది ఉసురు తాకుతది. సూసిన అన్నవంటే ఇప్పుడే పడవ ఇప్పుత."

కైనాత్ డ్రోన్ పెట్టె తెరిచింది. మెమరీ కార్డు తీసి జేబులో వేసుకుంది. కంట్రోల్ రూంకు దృశ్యం పంపే బటన్ ఆకాశ్ చూస్తుండగానే ఆపేసింది. నియమం ప్రకారం ఇది తప్పు, ఉద్యోగం పోయేంత తప్పు. ఆకాశ్ ఆ చేతుల వైపు చూశాడు, లీలాబాయి వైపు చూశాడు. జనరేటర్ ఏదో చప్పుడు చేస్తోంది, చూసొస్తానని లేచాడు. బడి వెనక జనరేటర్ పొద్దుటి నుంచీ చక్కగానే ఆడుతోంది.

వరండాలోకి వచ్చి, ఎగరేసే ముందు బ్యాటరీ చూసుకుంది. నిండుగా ఉన్నది ఒక్కటే. గాలి లేకపోతే ఇరవై ఐదు నిమిషాలు, ఈ గాలికి పద్దెనిమిది అనుకోవాలి. గుట్ట దాకా మూడు కిలోమీటర్లు. మూడు కిలోల బియ్యం, పాలపొడి పొట్లం కూడా కింద కట్టొచ్చు, కానీ బరువుతో బ్యాటరీ ఇంకా తొందరగా దిగుతుంది. ముందు మనుషులున్నారో లేరో తేలాలి. ఏమీ కట్టలేదు. పెళ్లిళ్లలో పెళ్లికూతురు తల మీద పూలు రాల్చిన చేతులే ఇవి.

డ్రోన్ రొద చేస్తూ లేచి వాగు మీదికి పోయింది. తెర మీద ఎర్రనీళ్లు, కొట్టుకుపోతున్న మానులు, పైకప్పులు మాత్రమే మిగిలిన జారుగూడ. లీలాబాయి కైనాత్ భుజం వెనక నిలబడి చూస్తోంది. తమ ఇల్లు కనిపించినా ఇంకా ముందుకు పొమ్మని చేత్తో చూపించింది. డ్రోన్ గుట్ట ఎక్కింది. పత్తి చేను, జొన్న చేను, అంచున మోదుగ చెట్లు. ఒకటి, రెండు, మూడు గుడిసెలు. నాలుగోది ఒరిగిపోయింది. మిగిలిన రెండూ నేలమట్టం. నీలం టార్పాలిన్ ఒకటి గాలికి కొట్టుకుంటోంది. దాని కింద మనుషులు.

"ఉన్నరు" అంది కైనాత్. ఫోన్‌లో అదే మాట మొండయ్యకు చెప్పింది. "సూసిన మామా. మనుషులున్నరు. ఇప్పు." అవతల మోటారు చప్పుడు మొదలైంది. లీలాబాయి ఆమె భుజాన్ని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చేసింది. రెండు రోజుల ఏడుపు ఒక్కసారే వచ్చింది. కైనాత్‌కు కూడా కళ్లు మసకబారాయి.

ఆ సంతోషం అర నిమిషం ఉందేమో. చప్పుడు విన్న మనుషులు టార్పాలిన్ కింద నుంచి బయటికి వచ్చారు. తలలెత్తి చూశారు. చేతులు ఊపుతారు, అన్నం అడుగుతారు, బిడ్డను ఎత్తి చూపిస్తారు అనుకుంది కైనాత్. వాళ్లు పరుగెత్తారు. ఒక ముసలాయన పిల్లను చంకనేసుకున్నాడు, ఒకామె మేకపిల్లను లాగింది, పచ్చటి చీర కట్టిన సన్నటి మనిషి గుండెలకు ఏదో హత్తుకుని వంగి వంగి నడిచింది. అందరూ చేను దాటి, అలవాటైన బాటలో, ఒకరి వెనక ఒకరు లొద్దిలోకి దిగిపోయారు. గుట్ట మీద గాలికి కొట్టుకునే టార్పాలిన్ మిగిలింది.

"గటు ఎందుకు పోతున్నరు లీలక్కా?"

ఎందుకు పోతున్నారో ఇద్దరికీ తెలుసు. కైనాత్ డ్రోన్‌ను ఇంకా పైకి లేపింది. ఎగువన కుంట తెర మీదికొచ్చింది. గట్టు కుడి కొస జారిపోయి ఉంది. ఆ సందులోంచి ఎర్రటి నీళ్లు చెట్లను తోసుకుంటూ లొద్ది తల వైపు దిగుతున్నాయి. కిందకు రావడానికి మూడు మలుపులున్నాయి. మొదటి మలుపు అప్పటికే దాటాయి.

డ్రోన్‌కు కళ్లున్నాయి, నోరు లేదు. పైన ఉన్నంతసేపూ వాళ్లు బయటికి రారు. కైనాత్‌కు ఒక్కటే తోచింది, రిమోట్ మీటను వెనక్కి లాగింది. డ్రోన్ గుట్ట మీది నుంచి వెనక్కి, చప్పుడు వినపడనంత దూరానికి తప్పుకుంది. అక్కడి నుంచి కెమెరాను దగ్గరికి లాగి లొద్ది అంచును పట్టుకుంది. బ్యాటరీ నలభై శాతం. తిరిగి రావడానికి పాతిక కావాలి. ఒక నిమిషం గడిచింది. రెండో మలుపు దగ్గర చెట్ల తలలు ఊగాయి.

ముసలాయన తల పైకి వచ్చింది. ఆకాశం అంతా కలయజూసి వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. కైనాత్ పైకే లెక్కపెట్టింది. ఎనిమిది, తొమ్మిది. మేకపిల్లను లెక్కపెట్టి మళ్లీ తీసేసింది. పదమూడు. పదహారు. పదిహేడు. బాట ఖాళీ అయింది. పదిహేడు మందీ టార్పాలిన్ వైపు నడుస్తున్నారు. పచ్చచీర వాళ్లలో లేదు.

"ఇంక ఇద్దరు ఏరీ? సుంగు ఎందుకు ఎక్కలే?"

లీలాబాయి చెయ్యి కైనాత్ భుజం మీద నుంచి జారిపోయింది.

"నేను గుట్ట దిగేటప్పుడు దానికి వేరే చెప్పిన" అంది. "పసిగుడ్డు ఏడుస్తే అందరు దొరుకుతరని. అందరు ఎక్కినా నువ్వు కదలకు, మీది మిషిను చప్పుడు పోయినా కదలకు, లోపలి బండ సందున కూసో. నేనొచ్చి పేరు పెట్టి పిలుస్త, గప్పుడే రా అన్న."

తెర మీద ఎర్రనీళ్లు రెండో మలుపు తిరిగాయి. కైనాత్ డ్రోన్‌ను ముందుకు తోసింది, ఏం చేయడానికో ఆమెకే తెలియదు. లీలాబాయి వరండా దిగి, బురదలో జారుతూ వాగు ఒడ్డుకు పరుగెత్తింది. మూడు కిలోమీటర్ల అవతల బండ సందులో కూర్చున్న కూతురిని, ఆ వాగు హోరులో, పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.